జేఈఈ దాకా తెలుగు.. గేట్ దగ్గర గోడ

భారత్, అమెరికా సైనిక దళాలు కలిసి చేసే ‘టైగర్ ట్రయంఫ్’ విన్యాసాలు 2019లో విశాఖ, కాకినాడ తీరాల్లో మొదలయ్యాయి. 2024లో, 2025లో కూడా కాకినాడ దగ్గర జరిగాయి. యానాంకి కూతవేటు దూరం కనుక మన పిల్లలు ఓడల కబుర్లు ఉత్సాహంగా చెప్పుకొన్నారు. ఆ ఓడ ఒడ్డుకు ఎంత దూరంలో ఆగాలి, ఏ ఇసుక మీద బండి దిగబడుతుంది అన్నది ముందే లెక్కగట్టేది భూమినీ సముద్రాన్నీ చదివినవాళ్లు. ఆ లెక్కను కంప్యూటర్‌కు ఎక్కించేవాళ్లు వారి పక్కనే ఉంటారు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్ల ఆ పక్కకు చేరే దారి ఎక్కడ తెగుతోందో తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ తెలుసుకోవాలి.

ముందు మన నీళ్ల సంగతి చూద్దాం. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు, సముద్రంలో దాదాపు 1,500. నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం, లోతు మారితే ఆ వేగమూ మారుతుంది. వరదల రోజుల్లో గోదావరి నీరు ఉప్పునీటి మీద పలచటి పొరగా పరుచుకుంటుంది. ఆ పొర దగ్గర ధ్వని వంగిపోతుంది. సోనార్‌కు అందని నీడలు ఏర్పడతాయి, జలాంతర్గామి దాక్కునేది అలాంటి చోటే. ఎర్రనీరు ఎంత దూరం పోయిందో, పోటు ఎప్పుడు తిరుగుతుందో వేటకు వెళ్లే ఇంటి పిల్లవాడికి తెలుసు. అదే విషయాన్ని ‘డెన్సిటీ’, ‘సెలినిటీ’ అని అడిగితే మాత్రం తడబడతాడు.

ఇలాంటి పరిశోధన తెలుగు నేలకు కొత్తదేమీ కాదు. అమెరికా నౌకాదళ ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాల శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ 1952లో ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా వాల్తేరు వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్రశాస్త్ర అధ్యయనానికి ఊపిరి పోశారు. భారత నౌకాదళం ఓడలిచ్చింది, విద్యార్థులు వాటి మీద బంగాళాఖాతంలోకి వెళ్లి కొలతలు తీశారు. తర్వాత 1969లో విశాఖలో డీఆర్‌డీఓ వారి ఎన్‌ఎస్‌టీఎల్, 1999లో హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ వచ్చాయి. చేపలు ఎక్కడ దొరుకుతాయో ఇన్‌కాయిస్ మత్స్యకారులకు తెలుగులోనే చెబుతుంది. సమాచారం తెలుగులో వస్తోంది, ఆ సమాచారాన్ని తయారుచేసే కొలువుకు పరీక్ష మాత్రం తెలుగులో లేదు.

జేఈఈ మెయిన్‌ను 2021 నుంచి, డిగ్రీ ప్రవేశాల సీయూఈటీని 2022 నుంచి తెలుగులో రాయవచ్చు. మంచిదే. ఆ తర్వాత మెట్టు లేదు. పీజీ సీయూఈటీలో భాషా సబ్జెక్టులు పోను మిగతావి ఇంగ్లిష్, హిందీల్లోనే. సీఎస్‌ఐఆర్ నెట్ కూడా అంతే. గేట్ పూర్తిగా ఇంగ్లిష్. డీఆర్‌డీఓ ప్రయోగశాలలో జేఆర్‌ఎఫ్‌గా చేరాలంటే సాధారణంగా నెట్ గానీ గేట్ గానీ ఉండాలి, వయసు 28 దాటకూడదు. ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్లు, ఓబీసీలకు మూడేళ్లు సడలింపు ఉంది. 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. ఇంగ్లిష్ పట్టుబడడానికే రెండు మూడేళ్లు పోగొట్టుకునే పిల్లలకు ఆ వయసు గీత ముందే అడ్డం పడుతుంది.

యానాం పిల్లలకు ఇంకో చిక్కుంది. పుదుచ్చేరిలో మనం తెలుగువాళ్లం, ఆంధ్రలో స్థానికేతరులం. విశాఖ దగ్గరే అయినా ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లోకల్ కోటా మనకు వర్తించదు. పాండిచ్చేరి విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞాన శాస్త్రం, కంప్యూటర్ సైన్స్ విభాగాలున్నాయి, పోర్ట్ బ్లెయిర్ ప్రాంగణంలో సముద్ర అధ్యయనాలూ ఉన్నాయి. కానీ ఆడపిల్లను పోర్ట్ బ్లెయిర్ పంపమంటే ఏ తల్లయినా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది. ఆ భయాన్ని తప్పుపట్టలేం. హాస్టల్, ప్రయాణం ఖర్చుల సంగతి ప్రభుత్వం తేల్చాలి.

ఆడపిల్లలకు డీఆర్‌డీఓ ప్రకటించిన స్కాలర్‌షిప్ విమాన, అంతరిక్ష ఇంజనీరింగ్ శాఖల చుట్టూనే తిరుగుతుంది. భూగర్భశాస్త్రం, సముద్రశాస్త్రం చదివేవాళ్లకు అందులో చోటు లేదు. అమెరికా రక్షణ శాఖ ‘స్మార్ట్’ స్కాలర్‌షిప్‌లో భూశాస్త్రాలు, కంప్యూటర్ సైన్స్ రెండూ ఉన్నాయి. చదివించిన ప్రతి ఏడాదికీ ఒక ఏడాది శాఖలో పనిచేయాలన్నది షరతు. అలాంటి ఒప్పందం ఇక్కడ పెడితే పేదింటి పిల్లలకే ఎక్కువ మేలు.

గేట్‌ను తెలుగులో పెట్టమని అడగాలా? అడగవచ్చు. కానీ ప్రయోగశాలలో నివేదిక రాయాల్సింది ఇంగ్లిష్‌లోనే కనుక, ఆ ఒక్క కోరికతో పని తీరదని నా అభిప్రాయం. తొమ్మిదో తరగతి నుంచే భావం తెలుగులో చెప్పి, సాంద్రత పక్కన డెన్సిటీ, లవణీయత పక్కన సెలినిటీ బోర్డు మీద రాయించడం మన చేతిలో ఉన్న పని. డిగ్రీ కాలేజీలో చివరి ఏడాది సాయంత్రాలు గేట్, నెట్ ఇంగ్లిష్ తరగతులు నడపడం పుదుచ్చేరి విద్యాశాఖ చేతిలో ఉంది.

డిగ్రీ మూడో ఏడాదిలో ఉన్నవారు కూడా గేట్ రాయవచ్చని చాలా ఇళ్లలో తెలియదు. దరఖాస్తులు సాధారణంగా ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. పుదుచ్చేరి ఇచ్చే ఎంబీసీ, ఈబీసీ సర్టిఫికెట్లు కేంద్ర సంస్థల్లో చెల్లవు. కేంద్ర ఓబీసీ జాబితాలో ఉన్న కులాలవారు ఆ నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి. జూలైలోనే అర్జీ పెట్టుకుంటే దరఖాస్తు వేళకు చేతికొస్తుంది.