కెమెరా అరబీ మాట కాదు, అయినా మనదే

వాట్సాప్‌లో ఈ ముచ్చట మళ్లీ మళ్లీ తిరిగొస్తుంది: ‘కెమెరా’ అనే లఫ్జ్ అరబీ ‘ఖమరా’ నుంచి పుట్టిందట, ఇబ్నుల్ హైసమ్ పెట్టిన పేరట. ఖాందాన్ గ్రూపుల్లో మాషాఅల్లాల వర్షం. సాఫ్‌గా చెప్పేస్తాను, ఈ దావా గలత్. కెమెరా లాటిన్ మాట, గది అని అర్థం. చీకటి గదికి ‘కెమెరా అబ్స్క్యూరా’ అనే పేరు 1604లో కెప్లర్ వాడాడు. మనం ఇంట్లో ‘కమ్రా’ అంటామే, అదీ పోర్చుగీసు వాళ్ల నోటి మీదుగా ఉర్దూలోకొచ్చిన ఆ మాటే. చుట్టరికం ఉంది, ఫార్వర్డ్ చెప్పే దారిలో మాత్రం కాదు.

బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఆ ఆలిమ్‌కి ఈ నకిలీ తాజ్ దేనికి? ‘కితాబుల్ మనాజిర్’ ఏడు భాగాలుగా రాసినాయన. చీకటి గది బయట చిరాగ్‌లు వరసగా పెట్టి, చిన్న రంధ్రం గుండా రోష్నీ లోపలికి వదిలాడు. గోడ మీద ఒక్కో చిరాగ్‌కి ఒక్కో వెలుగు మచ్చ. ఒక చిరాగ్‌ని మూస్తే దాని మచ్చే పోయింది, మిగతావి అలాగే ఉన్నాయి. రోష్నీ తిన్నగా పోతుందనీ, దారిలో ఒకదానితో ఒకటి కలిసిపోదనీ అలా తేల్చాడు. ఫఖర్ పడాలంటే ఈ మెహనత్‌కి పడాలి.

నా అసలు షికాయత్ వేరే. షాదీలో జనానా వైపు తస్వీర్లకు ఆడ ఫోటోగ్రాఫర్ కావాలని ఊరంతా వెతుకుతాం. ఇంట్లో బేటీ కెమెరా అడిగితే మాత్రం ‘ఆ ఇంగ్లీషు మాటలు నీకేం తెలుస్తాయ్’ అంటాం. తెలియకపోవడానికి ఏముంది? లెన్స్ అంటే లాటిన్‌లో మసూర్ పప్పు. రెండు వైపులా ఉబ్బిన ఆ షకల్ చూసి పెట్టిన పేరు. అరబీలోనూ ‘అదస్’ పప్పయితే, ‘అదసా’ లెన్స్. అపర్చర్ అంటే ఆ చిరాగ్‌ల రంధ్రమే, కంటిపాపలా పెద్దదీ చిన్నదీ అవుతుంది. ఎఫ్2 పెద్ద రంధ్రం, ఎఫ్8 చిన్నది. ఉల్టాగా ఉందా? రొట్టెను ఇద్దరికి పంచితే పెద్ద ముక్క, ఎనిమిది మందికి పంచితే చిన్న ముక్క. అంతే హిసాబ్.

షట్టర్ ఒక పర్దా. 1/30 సెకను తెరిస్తే గంతులేసే పిల్లలు చెదిరిపోతారు, 1/500కి బొమ్మల్లా నిలిచిపోతారు. ఐఎస్ఓ పెంచితే మసక హాల్లోనూ తస్వీర్ వస్తుంది, కాకపోతే రవ్వ చల్లినట్టు గింజలు తేలతాయి.

అన్నిటికన్నా ముందు నేర్పాల్సింది రోష్నీ. దుల్హన్ వెనక కిటికీ ఉంటే ముఖం నల్లబడుతుంది. కిటికీని పక్కకు వచ్చేలా కూర్చోబెట్టి, రెండో వైపు తెల్ల దస్తర్‌ఖాన్ పట్టుకుంటే నీడ మెత్తబడుతుంది. దుకాణంలో రిఫ్లెక్టర్ అని అమ్మేది చేసే పనీ అదే.

పెద్ద కెమెరా ఇప్పుడే కొనక్కర్లేదు. చాలా ఫోన్లలో అపర్చర్ మారదు గానీ, ప్రో మోడ్ ఉంటే షట్టర్, ఐఎస్ఓ చేత్తో మార్చొచ్చు. ఒక మధ్యాహ్నం కిటికీ పక్కన నానీమాను కూర్చోబెట్టి, ఫోన్ బేటీ చేతికివ్వండి.