మహిమ తీగలో లేదు

స్పీకరు తీగలు నేలకు తగిలితే పాట చెడిపోతుందని చెప్పి, వాటిని ఎత్తిపెట్టడానికి పింగాణీ దిమ్మెలు అమ్ముతున్నారు. తీగను ఏ వైపు నుంచి ఏ వైపుకు బిగించాలో చెప్పే బాణం గుర్తులు స్పీకరు కేబుళ్ల మీద అచ్చువేస్తున్నారు. గోడలోని ప్లగ్గు నుంచి యాంప్లిఫయర్ దాకా వచ్చే ఒకటిన్నర మీటరు పవర్ కార్డుకు ఒక్కోసారి యాంప్లిఫయర్‌ను మించిన ధర పలుకుతోంది. కొత్త కేబులు వందల గంటలు మోగితేగాని పదునెక్కదని కొన్నవాళ్లకు నచ్చజెబుతున్నారు. ఖరీదైన ఆడియో వ్యాపారంలో వాల్వు యాంప్లిఫయర్‌దే పెద్దపీట. ఇలాంటి నమ్మకాలు ఎక్కువగా అల్లుకున్నదీ దాని చుట్టూనే.

వీటన్నిటినీ ఒకే గంపలో వేసి పారబోస్తే అది హేతువాదం అనిపించుకోదు. వాల్వు యాంప్లిఫయర్‌కు తనదైన గొంతు ఉంది. దానికి కారణాలున్నాయి, వాటిని కొలవవచ్చు. ఆ గొంతును బాగు చేసుకునే మార్గాలూ ఉన్నాయి. వాటిలో చాలావాటికి అయ్యే ఖర్చు స్వల్పం. నిజమైన కారణాలను మరుగుపరిచి, లేని మహిమలకు వేలూ లక్షలూ వసూలు చేయడం సంగీతప్రియులకు జరుగుతున్న అన్యాయం.

1904లో ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడ్‌ల వాల్వును, 1906లో లీ డి ఫారెస్ట్ మూడు ఎలక్ట్రోడ్‌ల ఆడియాన్‌ను తయారుచేశారు. ఆ తర్వాత దాదాపు అర్ధ శతాబ్దం పాటు ధ్వనిని పెద్దది చేసే పనంతా వాల్వులే చేశాయి. రేడియో స్టేషను, సినిమా రికార్డింగు థియేటరు, గుళ్లో మైకుసెట్టు, పంచాయతీ ఆఫీసు రేడియో అన్నీ వాటి మీదే నడిచాయి. స్విచ్ వేశాక వాల్వులు వేడెక్కేదాకా ఆగి ఘంటసాల పాట విన్న తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. వాళ్లకు ఆ ధ్వని తియ్యగా తోచడంలో జ్ఞాపకాల పాలు కొంత ఉంటుంది. మిగతాది ఇంజనీరింగు.

అందులో మొదటిది హార్మోనిక్ డిస్టార్షన్. ఒక్కో వాల్వుతో నడిచే సింగిల్ ఎండెడ్ యాంప్లిఫయర్ తనకిచ్చిన స్వరానికి ప్రధానంగా రెండో హార్మోనిక్‌ను చేరుస్తుంది. సంగీత పరిభాషలో చెప్పాలంటే మధ్యస్థాయి షడ్జమానికి తారస్థాయి షడ్జమాన్ని సన్నగా జోడిస్తుంది. మూడో హార్మోనిక్ అయితే తారస్థాయి పంచమం అవుతుంది. అసలు స్వరంతో శ్రుతి కలిసేవే కాబట్టి ఇవి కొద్ది మోతాదులో చెవికి గుచ్చుకోవు, గొంతుకు నిండుదనం వచ్చినట్టుంటుంది. రికార్డులో లేనిది యాంప్లిఫయర్ కలిపిందన్నది మాత్రం వాస్తవం. దాన్ని ఇష్టపడటంలో తప్పు లేదు. దాన్ని స్వచ్ఛత అని అమ్మడమే తప్పు.

రెండోది అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే స్పీకరుకు వెళ్లే కరెంటుకు యాంప్లిఫయర్ తనవైపు నుంచి చూపే అడ్డు. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌లో ఇది సాధారణంగా ఓమ్‌లో పదో వంతు కూడా ఉండదు. ఫీడ్‌బ్యాక్ లేని 300బి వాల్వు యాంప్లిఫయర్‌లో రెండు మూడు ఓమ్‌లు ఉంటుంది. స్పీకరు మీద 8 ఓమ్‌లని రాసి ఉన్నా, అది ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర 6 ఓమ్‌లు, ఇంకో చోట 20 ఓమ్‌లు చూపించవచ్చు. యాంప్లిఫయర్ ఇంపెడెన్స్ 2 ఓమ్‌లయితే ఈ రెండు చోట్ల వచ్చే ధ్వనిలో ఒకటిన్నర డెసిబెల్‌ను మించిన తేడా పడుతుంది. అది చెవికి తెలిసే తేడా. ఒకే యాంప్లిఫయర్ ఒకరింట్లో బాస్ ఉబ్బినట్టు, మరొకరింట్లో గొంతు ముందుకొచ్చినట్టు వినిపించడానికి కారణం ఇదే.

ఈ వివరణ సరైనదైతే వాల్వు గొంతును ట్రాన్సిస్టర్లతో కూడా తెప్పించగలగాలి. 1985లో అమెరికన్ ఇంజనీరు బాబ్ కార్వర్ స్టీరియోఫైల్ పత్రికతో పందెం వేసి ఆ పని చేసి చూపించాడు. పత్రికవాళ్లు ఎంచుకున్న ఖరీదైన వాల్వు యాంప్లిఫయర్‌ను ముందు పెట్టుకుని, తన ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ సర్క్యూట్లో మార్పులు చేస్తూ పోయాడు. రెండింటి అవుట్‌పుట్లను ఒకదానిలోంచి ఒకటి తీసేసి, మిగిలిన తేడా దాదాపు వినబడనంత తగ్గేదాకా సర్దాడు. పత్రిక వ్యవస్థాపకుడు గోర్డన్ హోల్ట్ బృందం ఎంత విన్నా ఏది వాల్వుదో, ఏది కార్వర్‌దో తేల్చుకోలేకపోయింది. తర్వాత ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కార్వర్ సెట్లు అంత దగ్గరగా లేవని అదే పత్రిక రాసింది. తయారీ గురించిన ఆ ఫిర్యాదు అసలు ఫలితాన్ని తోసిపుచ్చదు.

1987 జనవరి సంచికలో స్టీరియో రివ్యూ పత్రిక ఇంకో పరీక్షను ప్రచురించింది. రెండు వందల పైచిలుకు డాలర్ల పయనీర్ రిసీవర్ మొదలుకొని పన్నెండు వేల డాలర్ల ఫుటర్‌మన్ వాల్వు యాంప్లిఫయర్ల దాకా ఆరు రకాలను తీసుకుని, వాల్యూమ్ సమానం చేసి, ఏది మోగుతోందో చెప్పకుండా వినిపించారు. తేడా ఉందని గట్టిగా నమ్మేవాళ్లు కూడా శ్రోతల్లో ఉన్నారు. వాళ్ల జవాబుల్లో ఒప్పులు, బొమ్మా బొరుసూ వేస్తే వచ్చేన్ని మాత్రమే వచ్చాయి.

యాంప్లిఫయర్ల సంగతే ఇలా ఉంటే తీగల సంగతి లెక్కేసి చూడవచ్చు. 2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి తీగ మూడు మీటర్లు తీసుకుంటే, వెళ్లేదీ వచ్చేదీ కలిపి దాని రెసిస్టెన్స్ ఓమ్‌లో ఇరవయ్యో వంతుకు మించదు. వాల్వు యాంప్లిఫయర్ తన అవుట్‌పుట్‌లో చూపే ఇంపెడెన్స్ దానికి నలభై రెట్లు ఉండవచ్చు. పైగా సిగ్నల్ ఆ తీగను చేరేలోపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వేలకొద్దీ చుట్ల ఎనామిల్ తీగను దాటి వస్తుంది. ఆ తర్వాత వచ్చే మూడు మీటర్లకు వెండి పూత పూసి లక్షలు పోస్తే మారేదేమీ లేదు. బాణం గుర్తుల విషయం ఇంకా తేలిక. స్పీకరుకు వెళ్లే సిగ్నల్ ఆల్టర్నేటింగ్ కరెంటు. సెకనుకు వందల, వేలసార్లు దిశ మార్చుకునేదానికి స్పీకరు తీగ మీది బాణం ఏ దారీ చూపించదు.

అతీంద్రియ శక్తులు నిరూపిస్తే లక్ష రూపాయలు ఇస్తానని అబ్రహం కోవూర్ సవాలు విసిరిన సంగతి తెలుగు పాఠకులకు కొత్తేం కాదు. 1978లో ఆయన చనిపోయేదాకా ఆ డబ్బు ఎవరికీ దక్కలేదు. ఆడియో తీగలకూ అలాంటి సవాలే ఎదురైంది. 7,250 డాలర్ల పియర్ ఆంజూ స్పీకరు కేబుళ్లకూ మామూలు కేబుళ్లకూ తేడాను కళ్లతో చూడకుండా చెవులతో పట్టి చూపిస్తే మిలియన్ డాలర్లు ఇస్తానని 2007లో హేతువాది జేమ్స్ రాండీ ప్రకటించాడు. మైకేల్ ఫ్రెమర్ అనే ఆడియో విమర్శకుడు ముందుకొచ్చాడు. కేబులు కంపెనీ మాత్రం తప్పుకుంది. పరీక్ష జరగనే లేదు.

కేబులు మార్చగానే వీణ తీగల మోత విడివిడిగా వినబడిందని చెప్పేవాళ్లు అబద్ధం ఆడటం లేదు. వాళ్లకు నిజంగానే అలా వినిపిస్తుంది. తాయెత్తు కట్టించుకున్నవాడికి ధైర్యం వచ్చినట్టే ఇదీ. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ధ్వనిశాస్త్రజ్ఞులు 1994లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతిని స్పీకర్ల విషయంలో స్పష్టంగా చూపించింది. ఒకే శ్రోతలు అవే స్పీకర్లకు, తెర చాటున విన్నప్పుడు ఒకలా, కళ్లారా చూస్తూ విన్నప్పుడు మరోలా మార్కులు వేశారు. బ్రాండు, సైజు, ధర చెవిలోకి దూరిపోతాయి. వాల్యూమ్ రవ్వంత ఎక్కువైనా అది మెరుగైన ధ్వనిగా తోస్తుంది. వందల గంటలకు కేబులు పదునెక్కిందని అనిపించినప్పుడు నిజానికి ఆ ధ్వనికి చెవి అలవాటుపడి ఉంటుంది.

పాత వాల్వుల మోజుది ఇంకో కథ. ఇంగ్లండు ముల్లార్డ్, జర్మనీ టెలిఫుంకెన్ వాల్వులకు ఇప్పుడు నగల ధరలు పలుకుతున్నాయి. వాటి తయారీ నాణ్యత నిజమే. అయితే పాత అక్షరాలు చెరిపి పేరున్న బ్రాండు ముద్ర వేసి అమ్మే మోసం కూడా అంతే నిజం. మన బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో ఫిలిప్స్ సహకారంతో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. పాత రేడియో మెకానిక్కుల దగ్గర ఆ బీఈఎల్ వాల్వులు ఇంకా దొరుకుతుంటాయి. ఏ దేశం వాల్వయినా ఎమిషన్, గెయిన్, లీకేజీ ఎంతున్నాయో టెస్టర్ మీద పెట్టి చూడాలి. వేలితో తడితే స్పీకర్లో మోగుతోందేమో గమనించాలి. కొనాలో వద్దో ఈ కొలతలే చెబుతాయి. పెట్టె మీది పేరు చెప్పదు.

మరి ఇంట్లో వాల్వు యాంప్లిఫయర్ బాగా పాడాలంటే ఏం చేయాలి? ముందు దానికి తగిన స్పీకరు కావాలి. ఒక్క 300బితో నడిచే యాంప్లిఫయర్ ఇచ్చేది దాదాపు 8 వాట్లు. ఒక వాటుకు మీటరు దూరంలో 86 డెసిబెళ్లు ఇచ్చే స్పీకరు, 95 డెసిబెళ్లు ఇచ్చే స్పీకరుతో సమానంగా మోగాలంటే ఎనిమిది రెట్ల పవర్ కావాలి. ఇంపెడెన్స్ ఎక్కువ ఎగుడుదిగుళ్లు లేకుండా సాగే స్పీకరు ఇంకా మేలు. వెనకాల 4, 8, 16 ఓమ్‌ల ట్యాపులు ఉంటే మార్చి మార్చి వినడానికి పైసా ఖర్చు కాదు. పుష్‌పుల్ యాంప్లిఫయర్లో రెండు అవుట్‌పుట్ వాల్వులూ జోడీ కుదరాలి, బయాస్ కరెంటు తయారీదారు చెప్పినంతే ఉండాలి. బయాస్ తప్పితే డిస్టార్షన్ పెరుగుతుంది, లేదా వాల్వు ఎర్రబడి కాలిపోతుంది.

మన ఊళ్లలో చూడాల్సింది వోల్టేజి. ఈఎల్ 34 లాంటి వాల్వు హీటరుకు 6.3 వోల్టులు కావాలి. పది శాతం అటూ ఇటూ అయితే అది ఓర్చుకుంటుంది. 220 వోల్టులకు చుట్టిన పాత ట్రాన్స్‌ఫార్మర్‌కు రాత్రివేళ 250 వోల్టులు అందితే హీటరు మీద 7 వోల్టులు దాటుతుంది, వాల్వు ఆయుష్షు తరుగుతుంది. ఖరీదైన పవర్ కార్డు ఈ రోగానికి మందు కాదు. మంచి స్టెబిలైజరు పనికొస్తుంది. స్పీకర్లో సన్నగా గుయ్‌మంటుంటే ఎర్త్ లూపును, ఎండిపోయిన ఫిల్టరు కెపాసిటర్లను చూడాలి. ఇది తెలిసిన మెకానిక్కు చేయాల్సిన పని. ఆ పెట్టెలో 400 వోల్టులకు పైగా ఉంటాయి. స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత చార్జి మిగిలి ఉండవచ్చు.

అన్నిటికంటే పెద్ద మార్పు తెచ్చేది గది. గ్రానైటు లేదా టైల్స్ నేల, సున్నం కొట్టిన సిమెంటు గోడలు, గాజు కిటికీలు ఉన్న మన హాళ్లలో ధ్వని అటూ ఇటూ తగిలి గలగలలాడుతుంది. పన్నెండు అడుగుల దూరంలో ఎదురెదురు గోడలుంటే 47 హెర్ట్జ్ దగ్గర బాస్ ఉబ్బుతుంది. గోడకు ఆనుకుని కూర్చుంటే మృదంగం తొప్పి మోత గుబగుబలాడుతుంది, సరిగ్గా మధ్యలో కూర్చుంటే పలచబడుతుంది. ఈ తేడా పది డెసిబెళ్లు దాటడం మామూలే. మందపాటి తివాచీ, బరువైన కర్టెన్లు, పుస్తకాల బీరువా, కుర్చీని రెండడుగులు ముందుకు జరపడం చేసే మేలు ఏ కేబులూ చేయలేదు.

నమ్మకం కుదరనివారు ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. 1000 హెర్ట్జ్ టోన్ మోగిస్తూ స్పీకరు టెర్మినళ్ల దగ్గర మల్టీమీటరుతో కొలిచి, రెండు ఏర్పాట్లలోనూ వోల్టేజి ఒక శాతం తేడా లోపు ఉండేలా సర్దాలి. ఇంట్లో ఒకరు నాణెం ఎగరేసి, తెర వెనక దాని ప్రకారం కేబులు మార్చాలి. వినేవారు ప్రతిసారీ తమ జవాబు కాగితం మీద రాయాలి. పదహారుసార్లలో పన్నెండో అంతకంటే ఎక్కువో ఒప్పు వస్తే, అది కేవలం అదృష్టమయ్యే అవకాశం వందలో నాలుగు లోపే. అలా పట్టగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల ఫలితాన్ని హేతువాదులు గౌరవించాలి, మళ్లీ పరీక్షించి కారణం వెతకాలి.

ఆడియో దుకాణాలు కూడా ఇదే పద్ధతి పాటించాలని కొనుగోలుదారులు గట్టిగా అడగాలి. ఒక తెర, ఒక స్విచ్ పెట్టె, ఒక మల్టీమీటరు చాలు. వీటికయ్యే ఖర్చు వాళ్లు అమ్మే కేబుళ్లలో అతి చవకదాని ధర కూడా కాదు. తెర చాటున తేడా చూపించలేని సరుకుకు లక్ష రూపాయలు అడిగే దుకాణంలో ఆ సరుకు కొనకుండా బయటికి రావచ్చు. ఆ డబ్బుతో మెరుగైన స్పీకర్లూ, గదికి తివాచీ, కర్టెన్లూ కొనుక్కోవచ్చు.