ఏకదిన యాత్రా ఖండనము

రాయలసీమలో చూడదగినవి మూడే కలవనియు, అవి గండికోట, బెలుము గుహలు, యాగంటి అనియు, తెల్లవారుజామున బెంగుళూరులో కారెక్కినవాడు ఆ మూటిని చుట్టబెట్టి ప్రొద్దుగ్రుంకులోపల మరల పెద్దరోడ్డు నెక్కవచ్చుననియు, నడుమనున్నదంతయు ఎండయు నాపరాళ్ళ గుట్టలును దక్క మరేమియు లేని వట్టి బయలనియు ఒక సిద్ధాంతము నేడు ప్రబలియున్నది. దీనిని చాటువారు పొరుగువారు మాత్రమే కారు. కర్నూలు, కడపల విద్యావంతులును ఇంటికి వచ్చిన చుట్టములకు ఈ పట్టికనే అప్పగింతురు. ఆ రాళ్ళమీదనే బ్రతుకు నీడ్చుకొను పల్లెవారు సైతము, "ఈడ ఏముండాది సామీ, రాళ్లు గాకుండా!" అని పెదవి విరుతురు. పల్లెవాని మాటలో కష్టము కలదు గనుక దానిని మన్నింతును; పట్టికవాని మాటలో తొందర తప్ప మరేమియు లేదు గనుక దానిని మన్నింపజాలను.

ఆ నడుమనున్న బయలే చూడదగిన వస్తువనియు, తక్కిన మూడును దాని అంచులనియు నా వాదము. 1872లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలాస్తరములను గూర్చి ఒక గ్రంథము వెలయించెను. నాటినుండి శాస్త్రజ్ఞులు ఆ స్తరములను వ్యవహరించుచున్న పేర్లు గువ్వలచెరువు, వేంపల్లె, పులివెందుల, బనగానపల్లె, పాణ్యము, అవుకు, కోయిలకుంట్ల మొదలగు మన ఊళ్ళ పేర్లే. వేంపల్లె రాతిలో కంటికి కనబడు అలల వంటి పొరలు 190 కోట్ల ఏండ్లకు తక్కువగాని ప్రాయము గలవి. జంతువన్నది పుట్టకమునుపు సముద్రపు లోతులేని నీటిలో సూక్ష్మజీవులు పేర్చిపోయిన పొరలవి. వేంపల్లె మీదుగా కార్లు పోవుచునేయున్నవి; దిగి చూచినవాడు అరుదు.

బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతముల గనులలో నాపరాయి తీయు పనిని ఒక్క జాముసేపు నిలిచి చూచినవానికి ఈ సీమ రహస్యము సగము తెలిసిపోవును. జొన్నరొట్టెలు దొంతిగా పేర్చినట్లు అక్కడ రాయి పొరలు పొరలుగా పండుకొనియుండును. కూలివాడు ఆ పొరల సందున గడ్డపార మొన నిలిపి, సమ్మెటతో రెండు దెబ్బలు వేసి, చెవియొగ్గి, మరల ఒక మూర యవతల నిలిపి కొట్టును. మందు పెట్టి ప్రేల్చు పని లేకయే మంచమంత బండ చెదరక పైకి లేచును. ఆ బండయే వాని యింటి నేల, అరుగు, పెరటిలో నిలువుగా పాతిన ప్రహరి. మేఘమునుండి రాలిన నీరు నేలలోని పులుపు కలుపుకొని యుగయుగములుగ ఆ సున్నపురాతి సందులలో దిగుచు కరగించుకొనిపోయిన దారియే బెలుము గుహ. 1884లో రాబర్టు బ్రూస్ ఫుట్ దానిని పేర్కొన్నాడు. 1982, 83లలో గెబావర్ అను జర్మనీ దేశీయుడు తన బృందముతో లోపల ప్రాకి కొలిచెను. మొత్తము 3,229 మీటర్ల పొడవులో సందర్శకునకు తెరచినది ఇంచుమించు ఒకటిన్నర కిలోమీటరు. గనిని చూడక ఈ గుహను మాత్రము చూచి వెడలువాడు రంగుదీపములను చూచి వెడలుచున్నాడు.

యాగంటికి పోవువాడు పెరుగుచున్న నందిని చూచి, కోనేటిలో మునిగి, కాకులు లేవన్న ముచ్చట చెప్పుకొని మరలును. తప్పులేదు. కాని ఆ దాపుననే జుర్రేటి లోయలో జ్వాలాపురము కలదు. సుమారు 74,000 ఏండ్ల క్రిందట సుమత్రా ద్వీపమున తోబా అగ్నిపర్వతము బ్రద్దలైనప్పుడు సముద్రము దాటివచ్చి పడిన బూడిద ఆ పొలములలో తెల్లని పొరగా నున్నది. ఆ పొరకు క్రిందను, మీదను గూడ మానవుడు చెక్కిన రాతిపనిముట్లు దొరికినవని 2007లో లోకమునకు వెల్లడియైనది. అంతటి ప్రళయమునకు పిమ్మటను ఈ లోయలో మనుష్యుడు పనిముట్టు చేసికొనుచు నిలిచెనా యన్న ప్రశ్న నేటికిని పండితులను కలహింపజేయుచున్నది. మనవారు ఆ బూడిదను త్రవ్వి అమ్ముకొనిరి. పట్టికలో దానికి చోటు లేదాయె!

ఇక గండికోట. అమెరికాలోని కొలరాడో నది లోయతో దీనిని సరిపోల్చుట పొగడ్త అనుకొందురు. ఆ లోయ మైలు లోతు గలది. మన పెన్న కోసిన గండి మూడువందల అడుగుల పాటిది. ఈ పోలికవలన గెలుచునది కొలరాడోయే. అక్కడ లేనిది ఇక్కడ లేకపోలేదు: గండి యంచున పెమ్మసాని వారేలిన కోట, మాధవరాయని గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారము, వీని నడుమ నేటికిని కాపురమున్న ఊరు. 1652లో తావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు గోలకొండ సేనానియగు మీర్ జుమ్లాను ఇచటనే దర్శించి, అతడు కాలివ్రేళ్ళ సందులలోను, ఎడమచేతి వ్రేళ్ళ సందులలోను కాగితములు ఇరికించుకొని రాచకార్యములు తీర్చు తీరును వర్ణించెను. ఫిరంగులు పోతపోయుటకై దేవళముల రాగి విగ్రహములను కరగింపబూనగా గండికోట గుడివి ఆరు మాత్రము కరగలేదనియు అతడే వ్రాసెను. నేటి యాత్రికుడు లోయ యంచున వీపు త్రిప్పి నిలిచి ఫొటో దిగి, మసీదు మెట్లైనను ఎక్కకయే బెలుమునకు వేళ మించినదని పరుగెత్తును.

ఇంగ్లండులో యాత్రికుడు ఒక పల్లెలో బసచేసి, చుట్టుపట్ల పాతకోటను, చర్చిని, వాగును కాలినడకన చూచుకొనును. అట్టి కాలిబాటలను పటములకెక్కించి జనుల నడకహక్కును కాపాడుటకు 1949లో పార్లమెంటు చట్టమే చేసినది. మన యెండ వేరని మీరందురు. నిజమే. చైత్రవైశాఖములలో కొలిమిగుండ్ల బయలున నడువుమని పగవానికైనను చెప్పను. కార్తీకమునుండి మాఘమువరకు నడచుటకేమి? మన పల్లెలకును డొంకలు కలవు, గ్రామపటములలో వాని గుర్తులును కలవు. నేలమీద మాత్రము ఇరువైపుల పొలములవారి గట్లు ఏటేట లోనికి జరుగుచున్నవి. రోప్‌వేలకును, గాజువంతెనలకును ప్రణాళికలు వ్రాయువారు ఒక డొంకను విడిపించి, దారిలో రెండు వేపచెట్లు నాటి, ఒక చేతిపంపు వేయించినచో బెలుమునుండి గనులమీదుగా ఊరూరు నడచుటకు దారి యేర్పడును.

వసతులు లేనిచోట ఎవడు నిలుచునన్నది పట్టికవారి కడపటి వాదము. తొలకరి చినుకు పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలకు వచ్చి చూడుడు. వజ్రము దొరకునేమో యన్న ఆశతో పొరుగు జిల్లాలనుండి సకుటుంబముగా దిగి, చెట్లక్రింద పొయ్యి పెట్టుకొని, దినములకు దినములు నేలకు చూపు నంటించి తిరుగువారు అక్కడ కనబడుదురు. ఆ దాపుననే ఎర్రగుడి గుట్టమీద అశోకుని పదునాలుగు శిలాశాసనములు కలవు. 1929లో బయల్పడిన ఆ రాళ్ళమీద ఒక లఘుశాసనము కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును నడచును. హోటలు లేదని ఈ వజ్రాన్వేషులలో ఎవడును వెనుకకు మరలలేదు.