దారి చూపవలసిన దీపములు

దీపము దారి చూపుటకే కాని యెదుటివాని కన్ను కప్పుటకు కాదు. ఇంత తెలిసిన మాటను మన సభ్యులకు మరల జెప్పవలసి వచ్చినందులకు చింతించుచున్నాము. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో ప్రొద్దు గ్రుంకిన పిమ్మట రోడ్డుమీదికి వచ్చు రైతు నెవరి నడిగినను ఒకటే మొర. ఎదుటనుండి వచ్చు కారు వెలుతురు కంట బడగానే దారియు, గట్టును, కాలువయు నేకమై, కొన్ని క్షణములు ఏమియు కానరాకున్నది.

అన్యసీమలలో కన్ను చెదరినవాడు రోడ్డు దిగి చేనిలో నిలువవచ్చును. మనకా సౌకర్యము లేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప మనకు సమకూరిన కాలువల గట్లే నేడు మన దారులలో ననేకము. ఒకవైపు నీరు, ఒకవైపు కొబ్బరిచెట్లు, నడుమ ఇరుకు రోడ్డు. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు మోటారుసైకిలు మూడు సెకండ్లలో 33 మీటర్లు సాగిపోవును. మలుపువద్ద ఆ మూడు సెకండ్ల అంధత్వము చాలును.

దాళ్వా కోతల కాలమున మాలో నొకరు రాత్రివేళ సైకిలుపై ఇంటికి వచ్చుచు, ఎదుటి వెలుతురునకు తాళలేక దిగి ప్రక్కకు జరిగిరి. కాలికి రాళ్లు తగిలిన పిదపగాని అచ్చట ధాన్యము ఆరబోసియున్న సంగతి తెలియలేదు. ఆ రాళ్లకు రెండడుగుల దూరమున కాపలా రైతు నిద్రించుచుండెను. సైకిలు గనుక సరిపోయినది. లారీయే యైనచో నేమి జరిగియుండునో చదువరులే యూహింతురు గాక.

ఈ బాధకు కారణము లేమి? పూర్వపు దీపములలో తీగె కాగి పసుపువన్నె వెలుతురు నిచ్చెడిది. నేటి ఎల్‌ఇడి దీపము చిన్న స్థలమునుండి మిక్కుటమైన తెల్లని వెలుతురు నిచ్చును. అందు నీలిఛాయ హెచ్చైనకొలది ఎదుటివాని కంటికి బాధ యెక్కువ. వయసు మీరిన కంటిలో పొర మసకబారి వెలుతురు మరింత చెదరును. నేటి కార్లు ఎత్తైనవి గనుక వాని దీపములు సైకిలువాని కంటి మట్టమునకు దగ్గరగా వచ్చుచున్నవి. అన్నిటికంటె చెడ్డది, తీగె బల్బునకై చేసిన గూటిలో బజారున కొన్న ఎల్‌ఇడి బల్బును పెట్టించుట. ఆ గూడు తీగె యున్న చోటునకు సరిపడునట్లు చేసినది గాన, వెలుతురు నేలకు దిగక నలుదెసల చిమ్మును.

వీథిదీపములు లేని చోట్ల గట్టి వెలుతురు లేనిదే బండి నడపుట యెట్లని కొందరు ప్రశ్నింతురు. న్యాయమే. మేము వెలుతురును నిందించుట లేదు. అది పడు తావును నిందించుచున్నాము. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 106వది యీ విషయమే చెప్పుచున్నది. దీపమునకు 8 మీటర్ల ముందు, అర మీటరు కుడిప్రక్కన, నేలనుండి ఒకటిన్నర మీటరు ఎత్తున కన్నున్న మనిషికి మిరుమిట్లు కలుగనట్లు వెలుతురు క్రిందికి వంగియుండవలెను, లేదా చోదకుడు వంచుటకు వీలుగా నుండవలెను. ఎదుటి బండిమీద పడు భాగమును తనంతట తానే తగ్గించుకొను దీపములను అమెరికా ప్రభుత్వము 2022లో అనుమతించినది. అట్టివి మన దారులలో నిండువరకు మన చేతిలోని డిమ్ము మీటయే మనకు రక్ష.

పరులను నిందించుటకు ముందు మన తప్పులను గూడ నొప్పుకొనవలెను. ట్రాక్టరు పైకప్పుమీద అదనపు దీపములు పెట్టి, దుక్కి ముగిసినను ఆర్పక రోడ్డెక్కువారు మనలోనే కలరు. వెనుక ఎఱ్ఱదీపమైనను లేని ధాన్యపు ట్రక్కులు మనవే. ధాన్యమును రోడ్డుపై ఆరబోసి చుట్టును బండరాళ్లు పేర్చువారమును మనమే. కల్లములు లేక చేయుచున్నామనుట నిజమే గాని, చీకటిలో బండరాయి కారణ మడుగదు.

కావున సంఘము చేయదగిన పనులు మూడు సూచించుచున్నాము. మొదటిది, ప్రతి సంఘ గిడ్డంగి గోడపై అడ్డముగా కొలతగీతలు వేయించి, సమనేలపై 25 అడుగుల దూరమున బండిని నిలుపు గుర్తు పెట్టవలెను. డిమ్ములో వెలుతురు పైయంచు దీపపు మట్టమునకు కొంచెము క్రిందుగా నుండవలెను. మీద నున్నచో మరలు త్రిప్పి సరిచేయించుకొనవలెను. వెనుక బరువు వేసినప్పుడు ముందు దీపములు పైకి లేచునని మరువరాదు. రెండవది, కోతలకు ముందే ప్రతి ట్రక్కునకు వెనుక దీపములును, మెరయు పట్టీలును అమర్చవలెను. మూడవది, రాత్రివేళ దీపముల తనిఖీ చేయవలసినదని రవాణాశాఖకును, సామూహిక కల్లములకై ప్రభుత్వమునకును మహాసభలో తీర్మానించి పంపవలెను.

వీనిలో మొదటి రెంటికి ఎవరి అనుమతియు నక్కరలేదు. ఒక డబ్బా సున్నము, ఒక కుంచె, ఒక సాయంకాలము చాలును. సార్వా కోతలలోపల ఎన్ని గిడ్డంగుల గోడలపై ఆ గీతలు పడునో చూతము.