గర్భిణులలో రక్తహీనత – మాత్రల వాడకమే అసలు కొలమానం

గర్భిణీ స్త్రీలకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలను ఉచితంగా అందించే జాతీయ కార్యక్రమం 1970లో ప్రారంభమైంది. అయినప్పటికీ, 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణులలో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు వెల్లడైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 53.7 శాతం, తెలంగాణలో 53.2 శాతం. 2015-16 సర్వేలో జాతీయ సగటు 50.4 శాతంగా ఉండేది.

ఈ పరిస్థితికి గల ప్రధాన కారణాలలో ఒకటి అదే సర్వేలో కనిపిస్తుంది. గర్భధారణ సమయంలో 180 రోజులు లేదా అంతకు మించి మాత్రలు వాడిన తల్లులు 26 శాతం మాత్రమే. పంపిణీ రిజిస్టరులో నమోదైన మాత్రలన్నీ వినియోగమైనట్లు భావించరాదని ఈ అంకె స్పష్టం చేస్తున్నది.

2018లో ప్రారంభమైన ‘అనీమియా ముక్త్ భారత్’ మార్గదర్శకాల ప్రకారం నాల్గవ నెల నుండి రోజుకు ఒక ఎర్ర మాత్ర చొప్పున 180 రోజులు, ప్రసవానంతరం మరో 180 రోజులు వాడాలి. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువై, 7 గ్రాములకు తగ్గకుండా ఉన్నవారికి రోజుకు రెండు మాత్రలు ఇస్తారు. నెల రోజుల్లో కనీసం ఒక గ్రాము పెరగనిచో పై ఆసుపత్రికి పంపించాలి. తలసీమియా, సికిల్ సెల్, బి12 లోపం వంటి ఇతర కారణాలను అక్కడ పరిశీలించవలసి ఉంటుంది. 7 గ్రాముల లోపు ఉన్నవారికి ఆసుపత్రిలో చికిత్స అవసరం. నెలలు నిండుతున్న దశలో రక్తహీనత బయటపడినవారికి నరం ద్వారా ఐరన్ ఎక్కించే విధానాన్ని వైద్యులు పరిశీలిస్తారు.

మాత్రలు మధ్యలో మానివేయడానికి వికారం, మలబద్ధకం, మలం నల్లగా రావడం ప్రధాన కారణాలు. మలం రంగు మారడం హానికరం కాదన్న విషయాన్ని ఎ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు ముందుగానే వివరించినట్లయితే అనేకుల భయం తొలగుతుంది. టీ, కాఫీ, పాలతోను, కాల్షియం మాత్రతోను కలిపి వేసుకుంటే ఇనుము సరిగా ఒంటబట్టదు. నిమ్మ, ఉసిరి, జామ వంటి విటమిన్ సి గల ఆహారం దానికి తోడ్పడుతుంది. రెండు మాత్రలకు మధ్య కనీసం రెండు గంటల వ్యవధి ఉండాలి.

ప్రసవ సమయంలో జరిగే రక్తస్రావాన్ని రక్తహీనత ఉన్న తల్లి తట్టుకోలేదు. బిడ్డ తక్కువ బరువుతోను, నెలలు నిండకుండాను పుట్టే ప్రమాదం కూడా పెరుగుతుంది. అందువల్ల జిల్లా స్థాయి సమీక్షలలో పంపిణీ చేసిన మాత్రల సంఖ్యతో పాటు, ఎందరు గర్భిణులకు నెల తరువాత తిరిగి రక్తపరీక్ష జరిగింది, వారిలో ఎందరికి హిమోగ్లోబిన్ పెరిగింది అన్న రెండు అంశాలను తప్పనిసరిగా పరిశీలించవలసి ఉన్నది. ప్రతి నెలా 9వ తేదీన జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ పరీక్షలు ఇందుకు అనువైన సందర్భం.