కుంచె పట్టిన బిడ్డకు కాగితం అడ్డు కారాదు

యానిమేషన్, గేమ్ డిజైన్ చదువులను మన కుటుంబాలు ఇంకా కాలక్షేపంగానే చూస్తున్నాయి. ఇవి జీవనోపాధినిచ్చే విద్యలు. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో బీఎఫ్‌ఏ యానిమేషన్ ఉంది. ప్రవేశ పరీక్షలో చిత్రలేఖన ప్రతిభను చూస్తారు. ఐఐటీ హైదరాబాదులో బీడిజైన్‌కు యూసీడ్ పరీక్ష రాయాలి. ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు చదివినవారైనా అర్హులే.

అయితే దరఖాస్తు వేళ ఒక మెలిక ఉంది. 2007 చట్టం ఇచ్చిన 4 శాతం బీసీ-ఈ రిజర్వేషన్ రాష్ట్రానికే పరిమితం. ఐఐటీలకు కేంద్ర ఓబీసీ జాబితాయే ప్రమాణం. దూదేకుల వర్గం అందులో ఉన్నది. బీసీ-ఈలోని వర్గాలన్నీ లేవు. అట్టివారు అర్హతను బట్టి ఈడబ్ల్యూఎస్ పత్రం పొందాలి.

మసీదు కమిటీలు, యువజన సంఘాలు ఈ పత్రాల పనిని దరఖాస్తుల గడువుకు ముందే చేపట్టాలని కోరుతున్నాము. ప్రతిభ ఉండీ పత్రం లేక సీటు పోవడం మన సమాజం భరించరాని నష్టం.