వారం వంట – ఎవరి పేరు మీద?

ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళలో వంటకి టైము లేదంటారు. నన్నడిగితే టైము కాదండీ సమస్య, "ఇవాళ ఏం వండాలి?" అని రోజూ ఒక్కరే బుర్ర బద్దలు కొట్టుకోవడం. ఆ ఒక్కరూ ఎవరో చెప్పక్కర్లేదు! మనం మాత్రం "ఏదైనా పర్లేదు" అనేసి, ఎనిమిదింటికి బయటనుంచి తెప్పించేస్తాం.

మా పాతబస్తీలో దీనికి మందు ఎప్పటినుంచో ఉంది: ఖిచిడీ, ఖట్టా. బియ్యం, మసూర్ పప్పు కలిపి ఒకే కుక్కర్లో పెట్టెయ్యడమే. ఖట్టాకయితే పులుసు కాచే పని కూడా లేదు. వేయించిన నువ్వులు నూరి, చింతపండు రసంలో కలిపి, పచ్చి ఉల్లిపాయ ముక్కలు వేస్తే సరి. కీమా తోడైతే పండగే, లేకపోతే అప్పడం చాలు.

మేము ఆదివారం మీర్ ఆలం మండీలో వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకుంటాం. ఆకుకూరలు సోమ, మంగళవారాలకి, బెండకాయ బుధవారానికి. నిలవుండే ఆలుగడ్డ, గుమ్మడికాయ వారం చివరికి. మధ్యలో రెండు రాత్రులు ఖిచిడీ. ప్రతి వంట పక్కనా వండేవాళ్ళ పేరు కూడా రాసుకుంటాం. అసలు కిటుకు అదే.

లిస్టు రాసి భార్య చేతిలో పెడితే అది ప్లానింగ్ కాదు బాబూ, టికెట్ అసైన్ చెయ్యడం. ఆఫీసులో మనకి అలా చేస్తే ఊరుకుంటామా?